పెడల్ మీద పాదం

నన్ను ఇంజిన్ మీంచి దించిన రోజు ఇంటికొచ్చి, ఆనపకాయ పులుసుతో మారు అన్నం కూడా పెట్టించుకుని తిని, సాయంత్రం దాకా పడుకున్నాను. నిద్ర బాగానే పట్టింది. లేచాక మా ఆవిడ నా ముఖం వంక అదే పనిగా చూస్తుంటే ఏదైనా అంటుకుందేమోనని తుడుచుకున్నాను. ఆవిడ వెతుకుతున్నది బాధ కోసమని తర్వాత అర్థమైంది. చూపించడానికి నా దగ్గర అది లేదు.

నేను గూడ్సు బండ్లు నడిపేవాణ్ణి. కాగితాల మీద లోకో పైలట్ అంటారు, మా ఇళ్లలో మాత్రం ఇప్పటికీ డ్రైవరే. మా నాన్న శ్రీకాకుళం పక్క నుంచి వచ్చి బిలాస్‌పూర్ షెడ్‌లో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరై రిటైరయ్యాడు. నేను ఇక్కడే రైల్వే క్వార్టర్‌లో పుట్టి, ఇక్కడే డ్రైవర్నయ్యాను. కొన్నేళ్లకోసారి మాకు మెడికల్ జరుగుతుంది. కళ్ళు, చెవులు, గుండె, రక్తం, అన్నీ చూస్తారు. ఈసారి రక్తంలో చక్కెర హద్దు దాటిందన్నారు. లైన్ నుంచి దించి లాబీలో కూర్చోబెట్టారు.

లాబీ అంటే డ్యూటీ ఎక్కే డ్రైవర్లు వచ్చి సంతకం పెట్టి, మందు తాగలేదని రుజువుకి ఒక గొట్టంలోకి ఊది, బండి కాగితాలు తీసుకుని వెళ్లే గది. ఆ గొట్టం అందించడం నా పని. ఇన్నేళ్లూ ఊదినవాణ్ణి, ఇప్పుడు ఊదించేవాణ్ణి. వచ్చిన ప్రతివాడూ ఊదే ముందు ఒకసారి, ఊదాక ఒకసారి నా మీద జాలిపడి వెళ్లేవాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు తెలిసేది కాదు. "అచ్ఛా, చూద్దాం లే" అని తర్వాతి వాడికి గొట్టం చాపేవాణ్ణి.

డాక్టరు చెప్పింది సూటిగానే ఉంది. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తారు. అప్పటికి చక్కెర దిగితే తిరిగి లైన్ మీదికి పంపుతారు. దిగకపోతే రిటైరయ్యే దాకా ఆ కుర్చీయే. మందులు రాసి, తిండి తగ్గించమని, రోజూ నడవమని, నడక ఇష్టం లేకపోతే సైకిల్ తొక్కమని అన్నారు.

మళ్లీ ఇంజిన్ ఎక్కాలని ఉందా అని ఎవరైనా అడిగితే ఉందనేవాణ్ణి. భోజనం వేళకి ఆకలేస్తోందా అంటే అవునన్నట్టు. అయితే ఒక నమ్మకం మాత్రం ఉండేది. ఈ మొద్దుతనం కుర్చీలో కూర్చోవడం వల్ల వచ్చింది, ఇంజిన్ ఎక్కి కిటికీలోంచి ఆ గాలి తగిలితే వదిలిపోతుంది అని. నాకు మళ్లీ నేను దొరికే చోటు అదొక్కటే అనుకున్నాను. ఆ మూడు నెలలూ నన్ను నడిపించింది అదే.

నడక నాకు పడలేదు. క్వార్టర్ వదిలేసి నెహ్రూనగర్‌లో సొంత ఇల్లు కట్టుకుని చాలా ఏళ్లయింది. మా వీధుల్లో పొద్దున్న నడిచేవాళ్లలో సగం మంది రిటైరైన రైల్వేవాళ్లే. ఎదురైన ప్రతివాడూ ఆగి, "ఏటి, ఇంకా ఎక్కనేదా?" అని అడుగుతాడు. నేను నిలబడి జవాబు చెప్పాలి. ఇక ఒళ్లు కదిలేదెక్కడ? నాలిక ఒక్కటే కదిలేది. వారం తిరక్కుండానే మానేశాను.

సైకిల్ ఆలోచన మా అమ్మాయిది. కోని వైపు కాలేజీలో చదువుతుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, మధ్యలో హిందీలోకి దిగిపోయి తిరిగి ఎక్కుతుంటుంది. "నాన్నా, సైకిల్ తీసుకో. డ్యూటీకీ అవుతాది, ఎక్సర్‌సైజ్ భీ హో జాయేగా. సైకిల్ మీద ఎల్తుంటే నిన్నెవులూ ఆపరు" అంది. చివరి మాట నాకు నచ్చింది.

మా ఆవిడకి నచ్చలేదు. "ఈ వయసులో సైకిలేటండీ? పడిపోతే ఎమికిలు అతుక్కుంటాయేటి?" అంది. సైకిల్ అంటే ఆవిడకీ నాకూ చిన్నప్పటి నుంచి ఉన్న అర్థం వేరు. మా కాలనీలో సైకిల్ గంట మోగితే ఏదో ఇంట్లో మగవాడు డ్యూటీకి పోతున్నట్టు లెక్క. కాల్ బాయ్ అనే పేరుతో ఒక తెల్లమీసాల పెద్దాయన పుస్తకం పట్టుకుని సైకిల్ మీద వచ్చి, ఫలానా వేళకి ఫలానా బండి అని చెప్పి సంతకం తీసుకుని పోయేవాడు. ఇప్పుడు ఆ కబురు ఫోన్‌లో వస్తుంది. నాకు అదీ రావడం లేదు.

నేను చూసింది ఆ సైకిలే కాబట్టి, నల్లగా బరువుగా ఉండి, వెనక క్యారేజీ ఉన్నది ఒకటి కొనుక్కుంటానన్నాను. మా అమ్మాయి ఫోన్ తెరిచి నా పక్కన కూర్చుంది. కొండలెక్కడానికి లావు టైర్ల సైకిల్ ఉంటుందట. రోడ్డు మీద ఉరకడానికి, నడుం వంచి తొక్కే సన్న టైర్ల సైకిల్ ఉంటుందట. ఈ రెండిటికీ మధ్యది హైబ్రిడ్ అట. టైరు మరీ లావు కాదు, మరీ సన్నం కాదు. నడుం నిటారుగా ఉంటుంది. ఆఫీసుకీ పనికొస్తుంది, ఒంటికీ మంచిది.

"హైబ్రిడ్ అంటే నాకు టమాటాలు తెలుసు" అన్నాను.

"నాన్నా, ప్లీజ్."

"రెంటికీ చెడ్డ రేవడన్నమాట."

"అంటే?"

చెప్పడానికి ప్రయత్నించి మానేశాను. ఊరు వెళ్తే చుట్టాలు మమ్మల్ని హిందీవాళ్లంటారు, ఇక్కడివాళ్లు తెలుగువాళ్లంటారు. మా ఇంట్లోకి ఇంకో మధ్యరకం వస్తే కొత్తగా పోయేదేమీ లేదనిపించి, సరే అన్నాను.

ఆదివారం ముగ్గురం బజారులో ఒక పెద్ద సైకిల్ షాపుకి వెళ్లాం. వరసగా వేలాడదీసిన సైకిళ్ల కింద నిలబడితే మెడ నొప్పెట్టింది. షాపాయన ముందుగా ఒక లావుపాటి సైకిల్ చూపించాడు. ముందు చక్రానికి రెండు పక్కలా స్ప్రింగులు. చూడ్డానికి దర్జాగా ఉంది. నేను హ్యాండిల్ మీద బరువు వేసి నొక్కితే కిందికి దిగి పైకి లేచింది. ఇదే బాగుందన్నాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. మనం తొక్కిన బలంలో కొంత ఆ స్ప్రింగే తినేస్తుందని, తారు రోడ్డుకి స్ప్రింగులు లేని ముందు కడ్డీలే మేలని, బరువు కూడా తగ్గుతుందని హిందీలో గడగడా చెప్పింది. షాపాయన దానికేసి కొంచెం గౌరవంగా చూసి, వెనక గదిలోంచి ఇంకోటి తెప్పించాడు.

బూడిదరంగుది. పట్టుకుని పైకెత్తితే లేచింది. దాన్ని రెండు కాళ్ల మధ్య ఉంచి నిలబడమన్నారు. పై కడ్డీకీ నాకూ మధ్య నాలుగు వేళ్ల సందుంది, సైజు సరిపోయిందన్నారు. మడ్‌గార్డులు, క్యారేజీ, స్టాండు దానితో రావట, విడిగా బిగించాలట. అంత డబ్బు పోసిన దానికి స్టాండు కూడా ఉండదా అని మా ఆవిడ షాపాయన్ని నిలదీసింది. ఆయన స్టాండు ఊరికే వేసిస్తానన్నాడు.

"దీనికి ఎన్ని నాచ్‌లు?" అని అడిగాను.

షాపాయనకి అర్థం కాలేదు. ఇంజిన్‌లో బలం పెంచడానికి మేము మీట జరిపే ఒక్కో మెట్టునీ నాచ్ అంటాం. మా అమ్మాయి నెత్తి కొట్టుకుని, "గేర్స్ భయ్యా, గేర్స్" అంది. ఇరవై ఒకటని చెప్పాడు ఆయన. మా పాత ఇంజిన్‌కి అంతకంటే ఎక్కువే ఉండేవన్నాను. ఆయన మర్యాదగా నవ్వాడు.

తరవాత బ్రేకులు చూశాను. ఏ బండినైనా ముందు చూసేది నేను అదే. చక్రం మధ్యలో ఇనప బిళ్ల, దాన్ని పట్టుకునే చిన్న దవడ. మీట కొంచెం కొంచెంగా నొక్కుతూ చక్రం ఎక్కడ పట్టుకుంటుందో, ఎక్కడ బిగుస్తుందో చేత్తో తెలుసుకున్నాను. చేతులు బాగానే చెప్పాయి. షాపు వెనక సందులో ఒకసారి తొక్కి చూడమన్నారు.

సందు చివరి దాకా తిన్నగా వెళ్లాను. అక్కడ గోడ వచ్చింది. దిగి, సైకిల్ని రెండు చేతులతో ఎత్తి వెనక్కి తిప్పి పెట్టుకుని, మళ్లీ ఎక్కి తిన్నగా వచ్చాను. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. ఎందుకు నవ్వుతోందో కొంతసేపటికి గాని తెలియలేదు. నేను బతుకంతా బండి నడిపాను గానీ ఒక్కసారీ తిప్పలేదు. పట్టాలు ఎటు వంగితే అటు పోతుంది, మన చేతిలో ఉన్నది పోవడమూ ఆగడమూ మాత్రమే. ఇంటి స్కూటరు మా ఆవిడే నడుపుతుంది, నేను వెనక కూర్చుంటాను. చిన్నప్పుడు నేర్చుకున్న సైకిల్ ఒంటికి గుర్తుంది గానీ, తిప్పాలన్న సంగతి బుర్రకి తట్టలేదు.

రెండోసారి తిప్పాను. షాపాయన నా కాళ్ల వైపు చూస్తున్నాడు. "సర్, మీ పాదం పెడల్ మీంచి జారిపోతోంది" అన్నాడు హిందీలో. నేను చూసుకుంటే నిజమే, కుడి పాదం సగం బయటికి ఉంది. సాండల్ అరిగిందన్నాను. ప్లాస్టిక్ పెడల్ తీసేసి ఇనపది వేస్తానన్నాడు. దాని మీద వరసగా చిన్న చిన్న పళ్లుంటాయి, చెప్పుని పట్టుకుంటాయి, జారదు. వెయ్యమన్నాను.

అలా సైకిల్ ఇంటికొచ్చింది. మా ఆవిడ పసుపు బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచి తొక్కించింది. కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చినప్పుడు ఉండాల్సిన సంబరం వాళ్లిద్దరి ముఖాల్లో ఉంది. నేనూ నవ్వాను. ఫోటోలో చూస్తే ఎవరో చెబితే నవ్వినట్టుంది.

పొద్దున్నే అర్పా నది పక్క నుంచి కోని రోడ్డు మీద కొంత దూరం తొక్కి, ఇంటికొచ్చి చోడి అంబలి తాగి, లాబీకి మళ్లీ సైకిల్ మీదే వెళ్లేవాణ్ణి. మా అమ్మాయి మాట నిజమైంది. ఎవరూ ఆపలేదు. చెయ్యి ఊపడం, ముందుకి పోవడం. అయితే పాత అలవాట్లు నాతో పాటే సైకిలెక్కాయి. నేను చౌక్ కనపడగానే, అది ఎంతో దూరంలో ఉండగానే, బ్రేకు కొంచెం కొంచెంగా పట్టేవాణ్ణి. వెనక ఆటోవాళ్లు తిట్టుకునేవారు. ట్రాఫిక్ లైటు కనపడితే చెయ్యి చాపి "గ్రీన్" అని పైకే అనేవాణ్ణి. ఇంజిన్‌లో సిగ్నల్ కనపడగానే డ్రైవరు పైకి అనాలి, పక్కన అసిస్టెంటు తిరిగి అనాలి. అది మా పద్ధతి. ఇక్కడ తిరిగి అనేవాళ్లు లేరు. ఒకసారి పక్కన స్కూటర్ మీద ఉన్నాయన, "హాఁ భయ్యా, దిఖ్ రహా హై" అన్నాడు విసుగ్గా, కనపడుతోందిలే అని.

సెలవు రోజు సిర్గిట్టి వైపు వెళ్లేవాణ్ణి. అక్కడ గోడౌన్ల వెనక నుంచి పట్టాలు కనిపిస్తాయి. బొగ్గు బండి వస్తే ఆగి చూసేవాణ్ణి. ఇంజిన్ కిటికీలో నాకు తెలిసిన ముఖం ఉండేది, చెయ్యి ఊపేది, పోయేది. నాలో ఏదో ఒకటి కదలాలని ఎదురుచూసేవాణ్ణి. డబ్బాలన్నీ పోయాక కూడా ఏమీ కదిలేది కాదు. మళ్లీ సైకిలెక్కి మిగిలిన దూరం తొక్కేవాణ్ణి.

చక్కెర మాత్రం దిగింది. బెల్టుకి కొత్త రంధ్రం పొడిచాను. మా ఆవిడ పక్కింటావిడతో చెప్పుకుంది, చుట్టాలకి ఫోన్లు చేసి చెప్పుకుంది. సైకిల్ని తుడవడం కూడా మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం లాబీ నుంచి వచ్చి, సాండల్స్ గుమ్మం దగ్గర విడిచి, వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగుతున్నాను. మా ఆవిడ వెనక నుంచి, "ఏటి తొక్కొచ్చినారు? ఇల్లంతా మరకలు" అంది. చూస్తే గుమ్మం నుంచి వంటింటి దాకా కుడికాలి ముద్రలు. మొదట ఎవరో ఉమ్మిన పాన్ అనుకున్నాను. ఆవిడ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి కాలు ఎత్తి చూసింది. పాదం అంచున, చిటికెన వేలి నుంచి వెనక్కి, చర్మం లేచిపోయి ఉంది. పాదం ఎక్కడో జారి, పెడల్ పళ్ల మీద రాసుకుంది. దారంతా అలాగే తొక్కాను.

"నొప్పి నేదా?" అంది.

"లేదు."

"నిజింగా నేదా?"

కాళ్లు మొద్దుబారడం మాకు కొత్త కాదు. డ్రైవర్లందరం దాన్ని ఇంజిన్ అదురు అనే అంటాం. గంటల తరబడి ఆ ఇనప నేల మీద పాదాలు అదిరి అదిరి అలా అవుతాయని మా నాన్న తరం నుంచీ చెప్పుకుంటున్నదే. రిటైరైన ముసలాళ్లు అరుగుల మీద కూర్చుని, "ఇంజినింకా కాళ్లలోనే ఉందిరా" అని గర్వంగా పాదాలు రుద్దుకునేవారు. నాకు ఎప్పటి నుంచో కాళ్ల కింద దూది పరిచినట్టుంటే, నాదీ అదే అనుకున్నాను. పైగా కొంచెం గొప్పగా కూడా అనుకున్నాను. ఇంజిన్ దిగి నెలలైనా అదురు దిగలేదేమిటని ఒక్కసారైనా అనుకోలేదు.

మా ఆవిడ గాయం కడిగి మందు రాసి గుడ్డ కట్టింది. తరవాత తల్లోంచి పిన్ను తీసింది. "అటు సూడండి" అంది. నేను కిటికీ వైపు తిరిగాను. కాసేపటికి, "ఏ ఏలు మీద గుచ్చినాను?" అని అడిగింది. గుచ్చిందని అప్పుడే తెలిసింది. బొటన వేలని చెప్పాను. ఆవిడ పిన్ను తిరిగి తల్లో పెట్టుకుంది. బొటన వేలు కాదని ఆవిడ అననక్కర్లేకపోయింది.

గిన్నెలు తోముతూ, నా వైపు తిరక్కుండా, "ఎవులికీ సెప్పకండి" అంది.

"డాక్టరు అడిగితే?"

"నేదని సెప్పండి. ఇన్నాళ్లూ సూత్తన్నాను కాదేటి. మీరు ఇంట్లో ఉన్నారు, తింటన్నారు, పడుకుంటన్నారు. మనిసి మట్టుకు నేరు. ఇంజినెక్కితే వస్తారేమోనని నా ఆశ."

నేను అనుకుంటున్నదే ఆవిడ అంది. నా లోపలిది ఆవిడకి కనపడుతోందని నాకప్పటిదాకా తెలియదు. లేచి వెళ్లి ఆవిడ భుజం మీద చెయ్యి వెయ్యాలని తోచింది. తోచింది గానీ లేవలేదు.

లాబీలో వాళ్లు చెప్పింది కూడా అదే. మా వాళ్లలో మెడికల్‌కి వెళ్లేవాడికి ముందు రోజుల్లో అందరూ కలిసి పాఠం చెప్పడం ఆనవాయితీ. కాకరకాయ రసం తాగు, రాత్రి డ్యూటీ మార్పించుకో, నీచు కూర మానెయ్. ఒక సీనియర్ డ్రైవరు, మా నాన్న దగ్గర అసిస్టెంటుగా చేసిన తెలుగాయన, ఆఖరి పాఠం చెప్పాడు: "ఏటడిగినా నహీఁ సర్ అను. తల తిరుగుతోందా, నహీఁ సర్. నిద్ర పట్టదా, నహీఁ సర్. డాక్టరుకి మన నోరే సాక్షి. మన నోరు మన సేతిలో ఉంది గదా బాబూ."

నేను లెక్కలు వేసుకున్నాను. ఇంజిన్‌లో డ్రైవరు మెలకువగా ఉన్నాడని బండికి చెప్పే ఏర్పాటు ఉంటుంది. కొద్దిసేపు డ్రైవరు ఏదీ కదపకపోతే అది హెచ్చరిస్తుంది. వెంటనే పెడల్ తొక్కాలి, లేకపోతే బండి దానంతటదే ఆగిపోతుంది. నేను ఎప్పుడూ కుడి కాలితోనే తొక్కేవాణ్ణి. చేత్తో నొక్కే బటన్ కూడా ఉంది. ఇక మీదట చేత్తోనే నొక్కుదామనుకున్నాను. హారన్‌కీ పెడలుంది, దానికీ చేతి మీట ఉంది. చేతులు మంచివే కదా. అలా నా కాళ్లతో పనే లేని ఇంజినొకటి మనసులో కట్టుకుని తృప్తిపడ్డాను.

మెడికల్ దగ్గర పడిన రోజుల్లో ఒకనాడు లాబీ నుంచి ఇంటికొస్తున్నాను. బూట్లు వేసుకోవడం మొదలుపెట్టాను అప్పటికే. పాదం పెడల్ మీద ఉందో లేదో కాలికి తెలియదు కాబట్టి, అప్పుడప్పుడు కిందికి చూసుకోవడం అలవాటైంది. చూసుకోవడం, జరుపుకోవడం, తల ఎత్తడం. ఆ సాయంత్రం అలాగే చూసుకుని తల ఎత్తేసరికి, ముందు చక్రం ఎదుట ఒక ముసలామె ఉంది. నెత్తి మీద కూరగాయల తట్ట. బ్రేకులు రెండూ ఒక్కసారిగా నొక్కేశాను. నా జన్మలో అలా పట్టలేదు. సైకిల్ ఆగింది. ఆమె చీర కుచ్చిళ్లు టైరుకి తగిలి కదిలాయి.

"ఆంఖీ నఇ హే కా?" అంది ఛత్తీస్‌గఢీలో. కళ్ళు లేవా అని. తట్ట సర్దుకుని రోడ్డు దాటి వెళ్లిపోయింది. ఏమీ జరగలేదు. వంకాయ ఒక్కటి కింద పడితే దాన్ని ఆవు తినేసింది.

నేను సైకిల్ దిగి పక్కన నిలబడ్డాను. భయం వేసింది నాకు, నిజంగా భయం. ఎన్నో నెలల్లో నాకు కలిగిన మొదటి భావం అదే. అది వస్తే సంతోషిస్తాననుకున్నాను గానీ, సంతోషం రాలేదు.

కళ్ళు లేవా అని ఆమె అడిగింది. ఉన్నాయి. కాలు ఎక్కడుందో చూడ్డానికి దించాను. సైకిల్ మీద కళ్ళు దించితే చక్రం ముందు ఒక మనిషి, పట్టుకుంటే ఆగే బ్రేకు. నా బండి అలా ఆగదు. నిండు బొగ్గుతో పోతున్నప్పుడు బ్రేకు వేశాక కూడా ఊరు దాటినంత దూరం పోతుంది. అక్కడ కళ్ళు పట్టాల మీద, సిగ్నల్ మీద ఉండాలి. చేత్తో నొక్కుతానని ఎంత అనుకున్నా, ఇన్నేళ్ల అలవాటు నా కుడికాలినే పంపుతుంది. అది పెడల్ మీద ఉందో లేదో తెలుసుకోవడానికి నేను తల దించుతాను. ఎన్నడో ఒకనాడు కాదు, ప్రతిసారీ దించుతాను. ఎందుకంటే ఇప్పుడు దించుతున్నాను కాబట్టి. ఆ రోజు సైకిల్ నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. మా ఆవిడ అడిగితే గాలి పోయిందన్నాను.

మెడికల్ రోజు పొద్దున్న ఆవిడ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. దేవుడి దగ్గర దీపం పెట్టి, "ఏటి సెప్పాలో గుర్తుంది గదా" అంది. గుర్తుందన్నాను. అబద్ధమేమీ కాదు.

డాక్టరు గారు రక్తం రిపోర్టు చూసి కళ్ళజోడు తీసేసి మళ్లీ పెట్టుకున్నారు. చాలా బాగా దిగింది, ఏం చేశారని అడిగారు. సైకిల్ తొక్కానన్నాను. ఏ సైకిల్ అని అడిగారు. హైబ్రిడ్ అన్నాను. ఆయనా కొందామని చూస్తున్నారట. ముందు స్ప్రింగులు ఉండాలా వద్దా అని నన్నే అడిగారు. మా ఊరి రోడ్లకి అక్కర్లేదని, తొక్కిన బలం అదే తినేస్తుందని మా అమ్మాయి మాటలు ఆయనకి అప్పజెప్పాను. ఆయన నవ్వుతూ కాగితం దగ్గరికి లాక్కున్నారు. వరసగా అడుగుతూ టిక్కులు పెడుతున్నారు. తల తిరగడం ఉందా అన్నారు. నహీఁ సర్. చూపు మసకబారడం? నహీఁ సర్. ఛాతీలో బరువు? నహీఁ సర్. అన్నీ నిజాలే కాబట్టి నోరు సులువుగా పలికింది.

"పాదాల్లో తిమ్మిరి గానీ, స్పర్శ తెలియకపోవడం గానీ ఉందా?"

ఆయన కలం అప్పటికే తర్వాతి గడి మీద ఉంది. గది బయట బెంచీ మీద మా ఆవిడ కూర్చుని ఉంది. తలుపు సందులోంచి ఆవిడ చీర అంచు కనపడుతోంది. నాకు ఇంజిన్ కావాలనిపించింది. మూడు నెలలుగా నోటితో చెబుతూ వచ్చిన మాట అప్పుడు ఒళ్లంతా అంది. ఆ కిటికీ, ఆ గాలి, తెల్లవారుజామున ఎవరూ లేవక ముందు ఊళ్లని దాటిపోవడం.

"హై సర్" అన్నాను. ఉంది.

ఆయన కలం కింద పెట్టారు. బూట్లు, మేజోళ్లు విప్పి మంచం మీద కాళ్లు చాపమన్నారు. చేపల గాలానికి కట్టే దారం లాంటి సన్నటి ముక్క ఒకటి, చిన్న పిడికి బిగించినది, డబ్బాలోంచి తీసి ముందు నా చేతి మీద తాకించి చూపించారు. చీమ పాకినట్టు తెలిసింది. పాదాల మీద ఇలాగే తాకిస్తాను, తగిలినప్పుడల్లా హాఁ అనండి, కళ్ళు మూసుకోండి అన్నారు.

మూసుకున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో మా ఆవిడని టైమెంతని అడిగితే చెప్పింది. నేను చెవులు రిక్కించుకుని, పాదాల మీదే మనసు పెట్టి, మొదటి హాఁ నోటి చివర పెట్టుకుని ఉన్నాను. డాక్టరు గారు ఏదో వెతుక్కుంటున్నారేమో, ఆలస్యం చేస్తున్నారు. తొందరపెడితే బాగుండదని ఊరుకున్నాను. ఇంకా కాసేపు చూసి, కళ్ళు తెరవకుండానే, "మొదలుపెట్టండి సర్" అన్నాను.

నీళ్ల చప్పుడు వినిపించింది. గది అవతలి మూల కుళాయి దగ్గర నుంచి ఆయన గొంతు, "రెండు పాదాలూ అయిపోయాయి. కళ్ళు తెరవండి" అంది.